మొక్కజొన్న వేరు కథ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు సగానికి సగం మొక్కజొన్న మీదే. రబీ విత్తనాలు పడే రోజులు కదా, మామూలే. కత్తెర పురుగు గురించి ఈ పేజీలో ఇప్పటికే చాలా చెప్పుకున్నాం కాబట్టి దాని ఊసెత్తకుండా, వేరుకు సంబంధించిన ప్రశ్నలన్నీ ఏరి ఒక్కచోట పెట్టాను. ఆకు మీద చిన్న మచ్చ కనబడితే చాలు, ఫొటో తీసి పంపేస్తారు, బాగానే ఉంది. అదే మొక్కను తవ్వి వేరు ఎలా ఉందో చూపించేవాళ్ళు మాత్రం చాలా అరుదు. నన్నడిగితే మొక్కజొన్నలో మొదటి నెలలో వచ్చే తగాదాల్లో ఎక్కువ భాగం నేల కిందే మొదలవుతాయి, ఆకు వాటిని ఆలస్యంగా బయటపెడుతుంది, అంతే.

ప్రశ్న: మొక్కజొన్నది పీచు వేరు వ్యవస్థ అని మా పుస్తకంలో ఒక్క వాక్యంలో తేల్చేశారు సార్. గింజ మొలిచిన దగ్గర్నుంచి కోత దాకా వేర్లు ఏ వరుసలో పుడతాయి, ఎంత లోతు పోతాయి, ఎప్పుడు ఆగిపోతాయి? (వ్యవసాయ డిప్లొమా విద్యార్థి, చీపురుపల్లి)

జవాబు: ఒక్క వాక్యంలో తేలేది కాదు బాబూ, అందుకే నీకే ఎక్కువ చోటిస్తున్నాను, మిగతావాళ్ళు ఏమీ అనుకోవద్దు.

గింజ తన బరువులో ఇంచుమించు మూడో వంతు నీరు పీల్చుకున్నాక మొట్టమొదట బయటకొచ్చేది వేరే. ఖరీఫ్‌లో నేల వెచ్చగా ఉంటే రెండు మూడు రోజులకే గింజ కొన దగ్గర చీల్చుకుని వస్తుంది. దీన్ని ప్రథమ మూలం అంటారు. దాని వెనకే మొలక పైకి లేస్తుంది, గింజ పక్కల నుంచి సాధారణంగా మరో మూడు నాలుగు వేర్లు బయల్దేరతాయి. ఇవన్నీ కలిపి గింజ వేర్లు. వీటి ఉద్యోగం కొద్ది రోజులే. మూడు ఆకులు వచ్చేదాకా పిల్లమొక్క గింజలో దాచుకున్న పిండితోనే బతుకుతుంది, ఈ వేర్లు ముఖ్యంగా నీళ్ళు అందిస్తాయి. అయితే చచ్చిపోతాయా అంటే వెంటనే చావవు, పంట చివరిదాకా కొన్ని బతికే ఉండొచ్చు, కాకపోతే మొక్కను పోషించే భారం వాటి మీద ఉండదు.

ఇక్కడో తమాషా ఉంది, చాలామంది గమనించరు. గింజకీ మొదటి కణుపుకీ మధ్య తెల్లగా, సన్నగా ఒక కాడ ఉంటుంది. గింజను అంగుళంన్నర లోతులో వేసినా, మూడంగుళాల లోతులో వేసినా, ఆ కాడే కావలసినంత సాగి మొలక కొనను పైకి మోస్తుంది. కొన నేల మట్టానికి దగ్గరగా వచ్చి వెలుతురు సోకిందంటే చాలు, కాడ సాగడం ఆగిపోతుంది. అందువల్ల మొక్కకు అసలు వేర్లు పుట్టే కణుపు, నువ్వు ఎంత లోతులో విత్తినా, నేలకి సుమారు ముప్పావు అంగుళం కిందే ఏర్పడుతుంది. రెండు వేర్వేరు లోతుల్లో గింజలు వేసి, పదిహేనో రోజున తవ్వి పక్కపక్కన పెట్టి చూడు, గింజ తొక్క ఒకదానికి దగ్గర్లో, ఒకదానికి దూరంగా వేలాడుతుంటుంది గానీ కణుపు వేర్లు రెండింటికీ ఒకే మట్టంలో ఉంటాయి. అంగుళం కూడా లేకుండా పైపైన విత్తినప్పుడు మాత్రం ఈ లెక్క చెడిపోతుంది. కణుపు నేల పైపొరకి వచ్చేస్తుంది, పుట్టిన వేర్లు పొడి మట్టి తగిలి మొన మాడి ఆగిపోతాయి, మొక్క బాగానే ఉన్నట్టు కనిపిస్తూ గాలి వీచిన రోజున పక్కకి ఒరిగిపోతుంది. మన ఎర్ర గరువుల్లో (మెట్ట నేలల్లో) పైపొర ఎంత తొందరగా ఆరిపోతుందో తెలుసు కదా, అందుకే నాలుగు నుంచి అయిదు సెంటీమీటర్ల లోతు తప్పనిసరి అని చెప్పడం.

ఇక అసలు వేర్లు. ఒకటి రెండు ఆకులు విప్పుకునే సమయానికే కణుపు వేర్లు మొదటి వరుస పొడుచుకొస్తాయి. అక్కడి నుంచి కింది కణుపు తర్వాత పై కణుపు, ఒక్కో కణుపు చుట్టూ ఒక్కో వరుస. మొదటి వరుసల్లో నాలుగైదు వేర్లే, సన్నగా ఉంటాయి, పైకి వచ్చేకొద్దీ సంఖ్యా పెరుగుతుంది, లావూ పెరుగుతుంది. నేల లోపల అయిదారు వరుసలు, నేల పైన ఒకటి రెండు, కొన్నింటికి మూడు. ఎదిగిన మొక్కకి అన్నీ లెక్కేస్తే డెబ్బై దాకా తేలతాయి, అదీ పక్క వేర్లు, వాటి పిల్లవేర్లు వదిలేసి.

ఆరు ఆకుల దశకి, అంటే మనం మోకాలి ఎత్తు అనేదానికి కాస్త ముందే, పోషణ బాధ్యత పూర్తిగా కణుపు వేర్లకి మారిపోతుంది. గింజలో పిండి అయిపోయి, కణుపు వేర్లు ఇంకా కుదురుకోని ఆ మధ్య రోజుల్లోనే మొక్క పచ్చదనం తగ్గి, నిలబడిపోయినట్టు కనిపిస్తుంది. రైతులు టెన్షన్ పడి ఏదో ఒక మందు కొట్టేది అప్పుడే. ఒక వారం ఓపిక పడితే చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది.

మొదటి వరుసల వేర్లు కాస్త అడ్డంగా, తర్వాతి వరుసలవి నిటారుగా కిందికి పోతాయి. సాలుకీ సాలుకీ 60 సెంటీమీటర్లు పెట్టిన చేలో, మోకాలి ఎత్తు వచ్చేసరికి అటు సాలు వేర్లూ ఇటు సాలు వేర్లూ మధ్యలో కలుసుకుంటాయి. కాబట్టి ముప్పై అయిదు రోజులు దాటాక గుంటక (కలుపు తీసే పనిముట్టు) లోతుగా తోలితే కలుపుతో పాటు వేర్లూ తెగుతాయి. మంచి పదునులో, అంటే తగినంత తేమలో, నేల మెత్తగా ఉంటే ఒక్కో వేరు రోజుకు అంగుళం అటూ ఇటూ దిగుతుంది. జల్లు (మొక్క కొనన వచ్చే మగ పూత) బయటకొచ్చేనాటికి మీటరు లోతు దాటుతుంది, లోతైన నేల అయితే మీటరున్నర, ఇంకా పైనే. అమెరికాలో నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో జాన్ వీవర్ అనే ఆయన 1920ల్లో చేల పక్కన మనిషి మునిగేంత కందకాలు తవ్వించి, మట్టిని కొంచెం కొంచెం గీకించి, ఒక్కో వేరూ ఎటు పోయిందో కాగితం మీద గీసి పెట్టాడు. మొక్కజొన్న వేర్లు అయిదారు అడుగులు దిగడం ఆ బొమ్మల్లో చూడొచ్చు. అవి మెత్తని, లోతైన నేలలు. మన దగ్గర మూడడుగులకే బంకమట్టో, రాయో తగులుతుంది, అప్పుడు వేరూ అక్కడే ఆగుతుంది. ఎంత లోతుకి పోయినా మొత్తం వేర్లలో ఎక్కువ భాగం పై అడుగు, అడుగున్నరలోనే ఉంటాయన్నది మర్చిపోకు.

కండెకి పీచు (ఆడ పూత) వచ్చిన తర్వాత మొక్క తయారుచేసిన ఆహారం దాదాపు అంతా కండెకే పోతుంది. వేరు ఎదుగుదల మందగించి ఆగిపోతుంది, గింజ పాలు పోసుకునే దశ నుంచి పాత వేర్లు చావడం మొదలవుతుంది. అంటే వేరు కోసం మనం ఏం చేసినా పూత లోపే చేయాలి.

నీ దగ్గర ప్రాక్టికల్ రికార్డు ఉంటుంది కదా, ఒక పని చెయ్యి. మొక్కను చేత్తో పీకొద్దు, సన్నవన్నీ తెగి మట్టిలోనే ఉండిపోతాయి. చుట్టూ జానెడు వదిలి పారతో మట్టి ముద్దగా తీసి, బకెట్ నీళ్ళలో ఒక పూట నానబెట్టి, మెల్లగా ఆడించు. అప్పుడు వేరు మొనని వెలుతురుకి పెట్టి చూడు. చివర కొద్ది మేర నున్నగా, లేత పసుపుగా ఉంటుంది, అది వేరు తొడుగు, దాని మీద జిగురు ఉంటుంది. దాని పైన కొంత మేర మట్టి రేణువులు ఎంత కడిగినా వదలకుండా అంటుకుని కనిపిస్తాయి. అక్కడున్నవే మూలకేశాలు. నీరూ, ఎరువూ ఎక్కువగా పీల్చేది ఆ కొద్దిపాటి ముక్కే. ఒక్కో మూలకేశం కొన్ని రోజులే బతుకుతుంది. కాబట్టి వేరు ముందుకి పోతూ ఉంటేనే కొత్తవి పుట్టి మేత అందుతుంది, మొన ఆగిపోతే పాత వేరు ఎంత పొడుగున్నా పెద్దగా లాభం లేదు.

ప్రశ్న: వరి కోసిన మడిలో మొక్కజొన్న వేశానండి. రెండు నెలల మొక్కని తవ్వి చూస్తే వేర్లన్నీ జానెడు లోతుకి పోయి అక్కడ నుంచి అడ్డంగా తిరిగిపోయాయి. నీళ్ళు పెట్టిన నాలుగో రోజుకే ఆకులు చుట్టుకుంటున్నాయి. ఏటి చెయ్యాలండి? (రైతు, జి.సిగడాం మండలం)

జవాబు: ముందుగా, తవ్వి చూసినందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి. మీరు చూసింది దమ్ము పొర. ఏటా వరికి దమ్ము పడుతూ (నీళ్ళు పెట్టి బురదగా దున్నుతూ), ట్రాక్టరు తొక్కుతూ ఉంటే ఆరు నుంచి పది అంగుళాల లోతులో మట్టి గట్టిపడి పలకలా తయారవుతుంది. వరికి అదే కావాలి, నీరు కిందికి ఇంకకుండా ఆపేది అదే. మొక్కజొన్న వేరుకి మాత్రం అది అడ్డుగోడ. వేరు మొన మట్టిని నెట్టుకుంటూ పోవాలి, పొర బిగువు ఒక హద్దు దాటితే నెట్టలేదు, పక్కకి తిరుగుతుంది. అంటే మీ మొక్కకి ఉన్న నీటి తొట్టి లోతు జానెడే, నాలుగు రోజులకే ఖాళీ అవడంలో ఆశ్చర్యం లేదు.

అందరూ ఇచ్చే సలహా, వేసవిలో లోతు దుక్కి చేసి ఆ పొర పగలగొట్టండి అని. నేను అంత తేలిగ్గా చెప్పను. వచ్చే ఖరీఫ్‌లో మళ్ళీ అదే మడిలో దమ్ము పట్టి వరి నాటేట్టయితే పొర పగలగొట్టి ఏం లాభం, నీరు నిలవక వరి ఏడుస్తుంది, పైగా రెండు మూడేళ్ళలో పొర మళ్ళీ వస్తుంది. కాలువ నీటికి భరోసా లేని పొలమై, ఏటా మొక్కజొన్నే మీ అసలు ఆదాయం అనుకుంటే అప్పుడు పగలగొట్టండి, అది కూడా మట్టి బాగా ఎండి ఉన్నప్పుడు. తడి మీద దున్నితే పొర పగలదు, ఇంకాస్త అణుగుతుంది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వెదజల్లిన వరి పాత అలవాటే కదా, దమ్ము లేకుండా వెదజల్లిన మడుల్లో ఈ పొర ఇంత గట్టిగా ఉండదు, ఆ మడిని మొక్కజొన్నకి ఎంచుకోవడం ఇంకో దారి.

ఈ పంటకి ఇప్పుడు చేయగలిగింది: తడి తక్కువ తక్కువగా, తొందర తొందరగా ఇవ్వండి. ఒకేసారి నిండా పెడితే పొర మీద నీరు నిలిచి వేరు ఊపిరాడక ఇంకో తలనొప్పి. యూరియా కూడా ఒకే దఫా కుమ్మరించకుండా విడదీసి వెయ్యండి, ఎందుకంటే వేరు అంత కొద్ది మట్టిలోనే ఉంది. జల్లు, పీచు సమయంలో ఒక్క తడి కూడా తప్పనివ్వకండి.

వచ్చే ఏడాది దున్నకుండా, వరి కోసిన పదునులోనే కర్రతో గుంట చేసి గింజ పెట్టే జీరో టిల్లేజ్ పద్ధతి ఆలోచించండి. చాలామంది దుక్కి ఖర్చు మిగులుతుందనే చూస్తారు గానీ ఇందులో వేరుకి కూడా ఒక లాభముంది. చచ్చిన వరి వేర్లు వదిలిన సన్నటి దారులూ, నేల నెర్రెలూ చెదరకుండా ఉంటాయి, మొక్కజొన్న వేరు వాటి వెంట పొర దాటి కొంతైనా దిగుతుంది. ఇప్పుడు మీ మడిలో పొర ఎక్కడుందో తెలియాలంటే పరీక్షలేమీ అక్కర్లేదు, తడి పెట్టిన రెండో రోజున ఇనుప ఊచ ఒకటి తీసుకుని చేత్తో దించండి. ఎక్కడ బిగుసుకుంటుందో అదే.

ప్రశ్న: వేరు నీటిని వెతుక్కుంటూ పోతుంది, అందుకని మొదటి నెల తడి ఇవ్వకుండా బెట్ట పెట్టాలి అని మా మామయ్య అంటాడు. నిజమేనా? (రణస్థలం)

జవాబు: మీ మామయ్యగారు సగం కరెక్టు. వేరుకి మూడడుగుల దూరంలో నీరుందని తెలిసే మార్గమేమీ లేదు. దాన్ని కిందికి నడిపించేది ప్రధానంగా భూమి ఆకర్షణ, వేరు తొడుగులోని పిండి రేణువులు బరువుకి కిందికి చేరడం వల్ల కింద ఎటో దానికి తెలుస్తుంది. తడి పాత్ర ఎక్కడంటే, తడి మట్టి తగిలిన వైపున పక్క వేర్లు ఎక్కువగా పుడతాయి, పొడి వైపున పుట్టవు. ఎండిపోయిన మట్టిలోకి వేరు పోలేదు, పోయినా మొన ఆగిపోతుంది. కాబట్టి కింది పొరలో పదును ఉండి పైపొర కాస్త ఆరితే వేరు లోతుకి దిగుతుంది, ఆ మేరకు బెట్ట మంచిదే. కింద కూడా పొడిగా ఉన్న ఇసుక గరువులో బెట్ట పెడితే మొక్క గిడసబారడం తప్ప వేరు ఎక్కడికీ పోదు. రెండంగుళాలు గోకి మట్టి పిడికిట పట్టి చూడండి, ముద్ద అవుతుంటే ఆగొచ్చు, రాలిపోతుంటే తడి ఇవ్వండి. మూడు రోజులకోసారి పైపైన నీళ్ళు తిప్పేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ మొక్కల వేర్లు పైనే ఉండిపోయి ఎండలు ముదిరాక అల్లాడతాయి.

ప్రశ్న: మాది నాగావళి ఒడ్డు. తుఫాను వానకి ఇరవై రోజుల పైరులో మూడు రోజులు నీరు నిలిచింది. ఇప్పుడు నీరు తీసేశాం, ఆకులు పసుపు తిరిగాయి. ఉంచాలా, దున్నేయాలా? (మహిళా రైతు, బూర్జ మండలం)

జవాబు: తొందరపడి దున్నకండమ్మా. ఈ వయసులో మొక్క పెరిగే మొగ్గ ఇంకా నేల లోపలే ఉంటుంది, మోకాలి ఎత్తు దగ్గర పడ్డాకే పైకొస్తుంది. నీరు నిలిస్తే ఇరవై రోజుల పైరు ఎక్కువ దెబ్బతినేది అందుకే, మొగ్గ కూడా మునుగుతుంది. సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజులు తట్టుకుంటుంది, ఎండ కాసి నీరు వేడెక్కితే అంతకన్నా తక్కువ. మీది మధ్యలో ఉంది, తేల్చుకోవాలంటే నాలుగైదు చోట్ల ఒక్కో మొక్క తవ్వి, కాండాన్ని మొదలు దగ్గర నిలువునా బ్లేడుతో చీల్చండి. నేలకి కాస్త కింద మొగ్గ తెల్లగా, గట్టిగా ఉంటే బతికింది. గోధుమ రంగులో మెత్తబడి ఉంటే పోయింది. బతికినదైతే నీరు తీసిన మూడు నుంచి అయిదు రోజుల్లో గుబురులో కొత్త ఆకు కదులుతుంది.

లోపల జరిగింది ఇదీ. మట్టిలో గాలి ఉండాల్సిన ఖాళీలన్నీ నీటితో నిండిపోయాయి, ఉన్న కాస్త ఆక్సిజన్ ఒకటి రెండు రోజుల్లో అయిపోయింది. గాలి లేకపోతే వేరు పీల్చడం మానేస్తుంది, అందుకే మొక్క నీళ్ళలో నిలబడి కూడా వాడిపోతుంది. వరికి ఈ బాధ లేదు, దాని వేరులో ముందునుంచే గాలి గొట్టాలుంటాయి. మొక్కజొన్న కూడా ప్రయత్నిస్తుంది, నీట మునిగిన వేరులో ఇథిలీన్ అనే వాయువు పేరుకుని, లోపలి కణాలు కొన్ని చచ్చి ఖాళీ దారులు ఏర్పడతాయి, వాటి గుండా పై నుంచి గాలి కిందికి వస్తుంది. కానీ ఆ పని పూర్తవడానికి రోజులు పడుతుంది, అంతలోనే పాత వేర్లు నల్లబడతాయి. పసుపు రంగు దేనికంటే, వేరు పీల్చలేకపోవడం ఒకటి, మట్టిలోని నత్రజని కొంత నీటితో కిందికి, కొంత గాలిలోకి పోవడం రెండోది.

ఇప్పుడు మీరు చేయాల్సింది, మిగిలిన చెమ్మ కూడా లాగేలా సాళ్ళ చివర కాలువలు తీయించండి. వేర్లు పని చేయనప్పుడు నేలలో ఎరువు వేసినా వెంటనే అందదు కాబట్టి లీటరు నీటికి 20 గ్రాముల యూరియా గానీ, 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్) గానీ ఆకుల మీద పిచికారీ చేయండి, వారం ఆగి ఇంకోసారి. కాలు దిగబడకుండా నేల ఆరాక మొదలు దగ్గర కొంచెం యూరియా, పొటాష్ వేసి మట్టి ఎగదోయండి. పై కణుపుల నుంచి తెల్లని కొత్త వేర్లు వస్తాయి, ఆ మట్టిలోకి దిగుతాయి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటినప్పుడు మన రెండు జిల్లాల్లోనూ పొలాలు మునిగాయి కదా, అలాంటి వాన వచ్చే రోజుల్లో పల్లపు చేలల్లో చదును మీద విత్తడం మానేసి బోదెల (ఎత్తు చేసిన గట్ల) మీద విత్తడమే క్షేమం. మొక్కల సంఖ్య మూడో వంతుకి మించి పోయుంటే మాత్రం లెక్కేసుకుని వేరే పంట ఆలోచించండి.

ప్రశ్న: డిసెంబరులో వేసిన పైరు ఆకులు ఊదా రంగుకి తిరిగాయి. షాపులో డీఏపీ ఇంకో బస్తా చల్లమన్నారు. (తెర్లాం)

జవాబు: చల్లొద్దు. భాస్వరం నీటితో కదిలి వేరు దగ్గరకి రాదు, వేరే దాని దగ్గరకి పోవాలి. రాత్రి చలికి నేల చల్లబడితే వేరు ఎదుగుదల నెమ్మదిస్తుంది, అందువల్ల భాస్వరం నేలలో ఉన్నా అందక రంగు మారుతుంది. పైన చల్లిన డీఏపీ పైనే ఉండిపోతుంది, డబ్బులు దండగ. ఆరు ఆకులు దాటి కణుపు వేర్లు పుంజుకున్నాక రంగు పోతుంది. అప్పటికీ పోకపోతే నేల పరీక్ష చేయించండి. మళ్ళీసారి విత్తేటప్పుడే డీఏపీని గింజకి రెండంగుళాలు పక్కన, రెండంగుళాలు కింద పడేలా వేయండి, గింజకి తగిలేలా వేస్తే లేత వేరు మొన మాడుతుంది. ఊదా రంగు కాకుండా కొత్త ఆకుల్లో ఈనెకి అటూ ఇటూ తెల్లని పట్టీలు కనిపిస్తే అది జింకు లోపం, లీటరుకి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ చాలు.

ప్రశ్న: నేల పైన కణుపుల నుంచి ఎర్రగా లావుగా వేర్లు వస్తున్నాయి. అవి బలం లాగేస్తాయి, కోసేయమని పక్క రైతు అంటున్నాడు. ఇంకో సంగతి, ఒక మూల చేలో ఆ వేర్లు విడివిడిగా కాకుండా ఒకదానికొకటి అతుక్కుపోయి వచ్చాయి. ఇదేమైనా తెగులా? (గరివిడి)

జవాబు: కోయొద్దు, దయచేసి. అవి ఊతవేర్లు, కొందరు ఊడలంటారు. జల్లు వచ్చే ముందు, కండె బరువు పడబోయే సమయానికి మొక్క తనకు తాను వేసుకునే ఊతం. గాలిలో ఉన్నంతసేపు పెద్దగా పని చేయవు, మొన మీద జిగురు పూసుకుని వేచి ఉంటాయి. మట్టి తగిలిన క్షణం నుంచి మామూలు వేరులా కొమ్మలు వేసి నీరూ ఎరువూ పీలుస్తాయి, కాబట్టి బలం లాగేస్తాయన్న మాట నిజమే, లాగి మొక్కకే ఇస్తాయి! మోకాలి ఎత్తున, రెండో దఫా యూరియా వేసినప్పుడు మట్టి ఎగదోయమనేది ఇందుకే, అప్పుడు కింది వరుస ఊతవేర్లు గాలిలో వేలాడకుండా త్వరగా నేల పడతాయి. ఎరుపు రంగు ఎండ తగలడం వల్ల, కొన్ని రకాల్లో ఎక్కువ, కొన్నింటిలో ఆకుపచ్చగా కూడా ఉంటాయి.

అతుక్కుపోయిన వేర్ల సంగతి వేరు. ఒక ప్రశ్న నేనడుగుతాను: ఆ మూలలో వెడల్పాకు కలుపుకి 2,4-డి ఆలస్యంగా కొట్టారా, లేక మందు రెండుసార్లు పడిందా? వేర్లు బాతు పాదంలా ఒకే పలకగా కలిసిపోయి, మొన పైకి తిరిగి ఉంటే దాదాపు అదే కారణం. అది హార్మోను జాతి మందు, కణుపులో వేర్లు పుట్టే సమయంలో మోతాదు మించితే ఇలా వికారంగా వస్తాయి. ఇప్పుడు విరుగుడు లేదు. అలాంటి మొక్కలు గాలికి పడతాయి, కాండం కూడా కొన్నాళ్ళు పెళుసుగా ఉంటుంది, ఆ మూలలోకి పశువులనీ మనుషులనీ పోనివ్వకండి, మట్టి మాత్రం బాగా ఎగదోయండి. ఇకముందు పైరు పెద్దదయ్యాక ఆ మందు కొట్టాల్సి వస్తే మొక్క గుబురులో పడకుండా, సాళ్ళ మధ్య కలుపు మీదే పడేలా చూసుకోండి.

ఊతవేర్ల మాట వచ్చింది కాబట్టి ఒక వింత. మెక్సికోలో ఒహాకా రాష్ట్రం కొండల్లో మిహే జాతి వాళ్ళు సాగుచేసే ఒక పాత మొక్కజొన్న ఉంది, మనిషికి రెండింతలు పైగా ఎదుగుతుంది, కణుపు కణుపుకీ ఊతవేర్లే. వాన పడితే వాటి నుంచి చిక్కటి జిగురు కారుతుంది. ఆ జిగురులో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి ఇస్తాయని 2018లో శాస్త్రవేత్తలు చూపించారు, మొక్కకి కావలసిన నత్రజనిలో 29 నుంచి 82 శాతం దాకా అలా వస్తోందట. ఇది చదివి మీ హైబ్రిడ్‌కి యూరియా ఆపేయకండి, మన రకాల్లో ఆ వరుసలూ లేవు, ఆ జిగురూ అంత రాదు. అది ఎదిగి కోతకి రావడానికి మన పంటకన్నా చాలా నెలలు ఎక్కువ పడుతుంది కూడా.

ప్రశ్న: గాలివానకి జల్లు రాని పైరు పక్కకి వాలిపోయింది. కూలీల్ని పెట్టి నిలబెట్టించమంటారా? (బొండపల్లి)

జవాబు: కూలి డబ్బులు ఉంచుకోండి. కాండం విరగకుండా వేరుతో సహా వాలిన మొక్క, జల్లు రాకముందైతే, కొద్ది రోజుల్లో కణుపుల దగ్గర వంపు తిరిగి దానంతటదే పైకి లేస్తుంది. మెడ వంకరగా ఉంటుంది, కోతకి కాస్త ఇబ్బంది, దిగుబడి కొంత తగ్గొచ్చు. మనం పట్టి నిలబెడితే అటువైపు మిగిలి ఉన్న వేర్లు కూడా తెగుతాయి. జల్లు వచ్చాక పడితే అంతగా లేవదు. మొదలు దగ్గర విరిగినవి మాత్రం కోసి పశువులకి వేసేయండి.

ప్రశ్న: కోత అయ్యాక మొదళ్ళు పీకించాలా? మా వాళ్ళు పీకి కుప్పేసి తగలబెడతారు. (లావేరు)

జవాబు: కాండం కుళ్ళు తెగులు వచ్చిన చేను అయితే పీకి బయట పడేయండి. లేకపోతే వదిలేయండి, రోటవేటర్‌తో పైపైన ముక్కలు చేస్తే చాలు. ఆ వేర్లు మట్టిలో కుళ్ళి వదిలే దారుల్లో తర్వాతి పంటకి నీరూ గాలీ దిగుతాయి. తర్వాత పెసరో మినుమో వేస్తే, కుళ్ళే వేర్లు మొదట్లో కొంత నత్రజని పట్టుకున్నా పప్పుజాతికి పెద్ద ఇబ్బంది రాదు.

ప్రశ్న: డాబా మీద కుండీల్లో మొక్కజొన్న వేయొచ్చా? పిల్లలకి కాల్చుకోవడానికి నాలుగు పొత్తులు వస్తే చాలు. (గృహిణి, విజయనగరం)

జవాబు: వేయొచ్చమ్మా. అడుగు లోతుకి తగ్గకుండా, వీలైతే అడుగున్నర లోతున్న గ్రో బ్యాగులు తీసుకోండి, కుండీలో వేరు దిగే చోటు అంతే కాబట్టి ఎండలో రోజూ, ఒక్కోసారి రెండు పూటలా నీళ్ళు పోయాల్సి ఉంటుంది. అడుగున రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోండి. కణుపు వేర్లు మట్టి పైకి కనిపించినప్పుడల్లా రెండు గుప్పెళ్ళు ఎరువు కలిపిన మట్టి పోయండి, అందుకని మొదట్లోనే బ్యాగు నిండా నింపకుండా నాలుగు వేళ్ళు ఖాళీ ఉంచండి. ఒకటి రెండు మొక్కలు పెడితే పొత్తులో గింజ సరిగ్గా పట్టదు, పుప్పొడి గాలికి పీచు మీద పడాలి కదా, పది పన్నెండు మొక్కలు ఒకే చోట దగ్గర దగ్గరగా, పిట్టగోడకి కాస్త ఎడంగా పెట్టండి.